గ్రహముల త్రోవ కనుగొన్న భక్తుడు: జోహాన్నెస్ కెప్లరు

ప్రతి సంవత్సరము ఉగాదినాడు మన మందిరములలో పంచాంగ శ్రవణము జరుగును. గురుడు ఏ రాశిలో నున్నాడో, శని ఎప్పుడు రాశి మారునో పురోహితులు చదువుచుండగా పెద్దలు శ్రద్ధతో విందురు. వెనుక వరుసలలో కూర్చుండిన మన కళాశాల విద్యార్థులలో కొందరు మాత్రము, గ్రహములు శిలలును వాయుగోళములును గదా, వాటికిని మన పెండ్లి ముహూర్తములకును సంబంధమేమి యని తమలో తాము నవ్వుకొందురు. తాతగారికి మనుమని నవ్వు అపచారముగా తోచును. మనుమనికి తాతగారి భక్తి అజ్ఞానముగా తోచును. ఒకే ఇంటిలో ఇట్లు రెండు లోకము లేర్పడుట మన సంఘమున కొత్త సంగతి కాదు. అయితే నాలుగు వందల సంవత్సరముల క్రిందట ఈ రెండు లోకములును ఒకే మనుష్యుని హృదయములో కలిసి నివసించినవి. ఆయన పంచాంగములు వ్రాసెను, జాతకములు వేసెను, దేవుని నిండు మనస్సుతో నమ్మెను. అట్టివాడే గ్రహముల నిజమైన త్రోవను లోకమునకు మొట్టమొదట తెలిపెను. ఆయనయే జర్మను దేశీయుడైన జోహాన్నెస్ కెప్లరు. పాఠశాలలో ఆయన మూడు సూత్రములను వల్లించిన బాలబాలికలు అనేకులు కలరు గాని, ఆ సూత్రముల వెనుకనున్న జీవితమును ఎరిగినవారు తక్కువ. అందువలన ఈ సంచిక పాఠకులకు ఆ జీవితమును కొంత విపులముగా తెలుపుచున్నాను.

కెప్లరు 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన నైరుతి జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తాత ఒకప్పుడు ఆ పట్టణమునకు పురాధ్యక్షుడు. తండ్రి హైన్రిఖ్ జీతమునకు ఎవరి పక్షమున నైనను యుద్ధము చేయు సిపాయి. ఇల్లు పట్టక తిరిగి తిరిగి, చివరకు భార్యాబిడ్డలను విడిచి వెడలిపోయి మరల రాలేదు. తల్లి కాతరీనా ఒక సత్రము నడుపువాని కుమార్తె. ఆమె ఆకులు, వేరులు ఎరిగినది. ఇరుగుపొరుగువారికి నాటు వైద్యము చేయుచుండెడిది. చెరకుతోటల కాలమున మన అవ్వలలో కొందరు చేసిన వైద్యము వంటిదే అది. ఆ వైద్యమే వృద్ధాప్యమున ఆమె ప్రాణము మీదికి వచ్చిన విధమును ముందు చెప్పెదను.

బిడ్డ నెలలు నిండక పుట్టెను. పసితనమున మశూచికము సోకి చూపు మందగించెను, చేతులకు కొంత అవిటితనము వచ్చెను. ఆకాశమును శోధింపవలసినవానికి దేవుడు మంచి కన్నులను ఇయ్యలేదు! అయినను ఆకాశముపై మక్కువ బాల్యముననే కలిగెను. 1577వ సంవత్సరమున ఒక గొప్ప తోకచుక్క కనబడినప్పుడు తల్లి అతనిని ఎత్తైన చోటికి తీసికొనిపోయి చూపెను. 1580లో చంద్రగ్రహణము పట్టినప్పుడు ఇంటివారు వెలుపలికి పిలిచి ఎఱ్ఱబారిన చంద్రుని చూపిరి. ఆ దినములలో తోకచుక్క యనగా దేవుని ఆగ్రహమునకు గుర్తని జనులు భయపడెడివారు. మన దేశమున గ్రహణ మనగా రాహువు మ్రింగుట యని చెప్పుకొనిరి గదా, అట్టిదే. అయితే మన దేశమున ఆర్యభటుడు 499వ సంవత్సరపు తన గ్రంథములోనే చంద్రగ్రహణము భూమి నీడ వలన కలుగునని వ్రాసియుండెను. పంచాంగము గణించువారును రాహుకేతువులను, చంద్రుని త్రోవయు సూర్యుని త్రోవయు కలిసికొను రెండు బిందువులుగా భావించి లెక్క కట్టుచు వచ్చిరి. కథయు లెక్కయు ఒకే పేరు ధరించి చిరకాలము ప్రక్కప్రక్కనే నడిచినవి.

బీదవాడైనను చురుకైనవాడగుటచే కెప్లరుకు ప్రభుత్వ విద్యార్థి వేతనము లభించెను. మత పాఠశాలలలో చదివి, 1589లో టూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. లూథరన్ శాఖలో మతబోధకుడు కావలెననియే అతని కోరిక. అచ్చట మేస్ట్లిన్ అను గురువు తరగతిలో అందరికిని పాత సిద్ధాంతమునే, అనగా భూమి కదలదనియు సూర్యుడే దాని చుట్టు తిరుగుననియు బోధించుచు, తెలివిగల కొద్దిమందికి మాత్రము కోపర్నికస్ మతమును రహస్యముగా తెలుపుచుండెను. 1543లో ప్రకటితమైన ఆ మతము ప్రకారము సూర్యుడు నడుమ నుండును, భూమియు ఇతర గ్రహములును అతని చుట్టు తిరుగును. కెప్లరు దానిని విన్న నాటినుండియు దానికి వశుడయ్యెను. అందులకు కారణము కేవలము గణితము కాదు. సూర్యుడు తండ్రియైన దేవునికిని, నక్షత్ర గోళము కుమారునికిని, నడుమనున్న ఆకాశము పరిశుద్ధాత్మకును ప్రతిరూపములని అతడు నమ్మెను. తండ్రినుండి శక్తి ప్రసరించునట్లు సూర్యునినుండియే గ్రహములను నడుపు బలము ప్రసరింపవలెను గదా యని ఆలోచించెను. అంతకు పూర్వము జ్యోతిష్కులు గ్రహము ఎచ్చట నున్నదని మాత్రమే లెక్కించిరి గాని, దానిని నడుపునది ఏది యని అడుగుట అరుదు. ఆ ప్రశ్న అతనికి భక్తినుండియే పుట్టినది. దీనిని విజ్ఞాన చరిత్ర చెప్పువారు చాలమంది ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. నా ఉద్దేశమున ఇదియే ముఖ్యము.

మతబోధకుడు కాకముందే, 1594లో, అతనిని ఆస్ట్రియాలోని గ్రాట్స్ పట్టణమునకు గణిత ఉపాధ్యాయునిగా పంపిరి. మొదటి సంవత్సరము తరగతికి కొద్దిమందియే వచ్చిరి. రెండవ సంవత్సరము ఒక్కరును రాలేదు. (ఈ వృత్తిలో నున్నవారము మనము దీనివలన కొంత ధైర్యము తెచ్చుకొనవచ్చును.) ఉపాధ్యాయునికి మరియొక విధి కలదు. ఏటేట పంచాంగము తయారుచేసి, రాబోవు వాతావరణమును, యుద్ధములను, పంటలను గూర్చి ఫలితములు వ్రాయవలెను. 1595వ సంవత్సరమునకు కెప్లరు గొప్ప చలియు తురుష్కుల దాడియు కలుగునని వ్రాసెను. రెండును జరిగినవి. పేరు వచ్చినది. కాని ఆ పేరు వచ్చిన విధము అతనికే తృప్తి నియ్యలేదు.

1595 జూలైలో ఒకనాడు నల్లబల్లపై గురు శనుల కలయికలను గీచి చూపుచుండగా అతనికి ఒక ఊహ తట్టెను. నాడు తెలిసిన గ్రహములు భూమితో కలిపి ఆరు. రేఖాగణితమున అన్ని ముఖములును సమానమైన ఘనాకృతులు ఐదు మాత్రమే కలవు. ఆరు గ్రహముల నడుమ ఐదు సందులు! దేవుడు ఈ ఐదు ఆకృతులను ఒకదానిలో నొకటి అమర్చి గ్రహముల దూరములను నిర్ణయించెనని అతడు పరవశుడయ్యెను. 1596లో ఆ విషయమై గ్రంథము వ్రాసెను. ఊహ తప్పు. 1781లో హెర్షెల్ ఏడవ గ్రహమును కనుగొనినప్పుడు దానికి మిగిలిన ఆధారమును పోయినది. అయినను ఆ తప్పుడు ఊహ సరిగా కుదురునా యని పరీక్షించుటకే అతనికి మంచి కొలతలు కావలసివచ్చెను. ఆ కొలతలు లోకమున ఒక్కనియొద్దనే యుండెను.

అతడు డెన్మార్కు దేశపు ప్రభువర్గీయుడైన టైకో బ్రాహి. దూరదర్శిని ఇంకను పుట్టని ఆ దినములలో, పెద్ద పెద్ద యంత్రములను నిర్మించి, కంటితోనే గ్రహ నక్షత్రముల స్థానములను ఇరువది యేండ్లకు పైగా కొలిచినవాడు. ఆ సమయముననే గ్రాట్స్‌లో కాథలిక్ ప్రభువు ప్రొటెస్టెంటు ఉపాధ్యాయులను వెడలగొట్టెను. మతము మార్చుకొన్నచో ఉండవచ్చునని చెప్పినను కెప్లరు అంగీకరింపక, 1600వ సంవత్సరమున భార్యతోను సవతి కుమార్తెతోను వెడలిపోయెను. అప్పటికే ఇద్దరు పసిబిడ్డలను ఆ ఊరిలో పాతిపెట్టియుండిరి. ప్రాగ్ నగరమున చక్రవర్తి రెండవ రుడాల్ఫు ఆశ్రయమున నున్న టైకోయొద్ద పనిచేయుటకు చేరెను. ఒకరు ధనవంతుడు, గర్వి. ఒకరు దరిద్రుడు, అభిమాని. వారికి సరిపడలేదు. కాని 1601 అక్టోబరు 24వ తేదీన టైకో మరణించెను. కెప్లరు చక్రవర్తికి ఆస్థాన గణితజ్ఞుడై ఆ కొలతలను స్వాధీనము చేసికొనెను.

ఇక అంగారకుని కథ. కుజదోషమని మనము ఎన్ని సంబంధములను తప్పించుకొంటిమో లెక్కలేదు. ఆ కుజుడే కెప్లరును పెట్టిన బాధ ఇంతంత కాదు. ప్రాచీన గ్రీకుల కాలమునుండి ఆకాశమున అన్నియు వృత్తములలోనే తిరుగునని అందరును నమ్మిరి. వృత్తము ఆదియు అంతమును లేనిది, పరిపూర్ణమైనది, కావున దైవికమైన ఆకాశమునకు తగినది యని వారి భావము. కోపర్నికస్‌కు సైతము అందులో సందేహము లేదు. కెప్లరును అట్లే మొదలుపెట్టి, కుజుని వృత్తమును నిర్ణయించుటకు కనీసము డెబ్బది మారులు లెక్క వేసెను. చివరకు ఒక వృత్తము కుదిరెను. టైకో కొలతలలో తీసికొన్న వాటికన్నిటికి సరిపోయెను. అంతటితో ఊరకుండక మరి రెండు కొలతలతో పోల్చి చూడగా 8 కళలు తేడా వచ్చెను.

ఒక డిగ్రీలో అరువదవ వంతు ఒక కళ. మన కంటికి కనబడు పూర్ణచంద్రుని వెడల్పు సుమారు 31 కళలు. అనగా తేడా చంద్రబింబములో నాలుగవ వంతు మాత్రమే. అంతకు పూర్వపు జ్యోతిష్కులు ఎవరైనను దానిని కొలతలోని పొరబాటని వదలివేసియుందురు. వారి కొలతలు అంతకంటె నిక్కమైనవి కావు. కాని టైకో అంత తప్పు చేయడని కెప్లరు ఎరుగును. ఇట్టి నిపుణుని దేవుడు మనకు అనుగ్రహించియుండగా ఆ వరమును త్రోసివేయుట కృతఘ్నత యని తలచెను. గమనింపుడు: తన లెక్కను తాను కొట్టివేయుటకు అతనికి బలము నిచ్చినది నాస్తికత్వము కాదు, భక్తి. సృష్టి దేవునిదైనచో, ఆ సృష్టి ఇట్లున్నదని చూపు కొలతకంటె మన ఊహ గొప్పది కాజాలదు.

అతడు వృత్తమును విడిచెను. ముందుగా గ్రహము సూర్యునికి దగ్గరగా నున్నప్పుడు వేగముగాను, దూరమున నున్నప్పుడు మెల్లగాను నడచుననియు, సూర్యునినుండి గ్రహమునకు గీచిన గీత సమాన కాలములలో సమాన వైశాల్యములను తుడుచుననియు కనుగొనెను. త్రోవ ఆకారమునకై కోడిగ్రుడ్డు వంటి రూపమును కల్పించి రెండు మూడు సంవత్సరములు తంటాలు పడెను. 1605లో అది దీర్ఘవృత్తమని తేలెను. సూర్యుడు దాని నడుమ కాక ఒక నాభిలో నుండును. కుజుని దీర్ఘవృత్తపు వెడల్పు దాని నిడివికంటె వెయ్యింట నాలుగు పాళ్ళు మాత్రమే తక్కువ. కాగితముపై గీచిన మన కంటికి వృత్తమువలెనే కనబడును. ఆ నాలుగు పాళ్ళ కొరకు రెండు వేల సంవత్సరముల నమ్మకము తలక్రిందులయ్యెను. ఈ రెండు సూత్రములును 1609లో అచ్చైన గ్రంథమున వెలువడినవి. త్రోవలో చేసిన తప్పులను కూడ దాచక అందులో వ్రాసెను.

ఆ గ్రంథపు ఉపోద్ఘాతమున అతడు చర్చించిన మరియొక విషయము మన సంఘమునకు పనికివచ్చును. బైబిలులో యెహోషువ సూర్యుని నిలువుమనగా సూర్యుడు నిలిచెనని యున్నది. భూమియే తిరుగుననుట దానికి విరుద్ధము కాదా యని మతాచార్యులు అడుగుచుండిరి. పవిత్ర గ్రంథములు సామాన్య జనులకు తెలియు మాటలలో సామాన్యముగా కంటికి కనబడునట్లు మాటలాడునే గాని, ఖగోళశాస్త్రము బోధించుటకు ఏర్పడినవి కావని కెప్లరు సమాధానము. నేటికిని వాతావరణ శాఖవారు సూర్యోదయమని, సూర్యాస్తమయమని ప్రకటించుచునే యున్నారు గదా! మన పురాణములలో సముద్రమథనమును, రాహువు శిరస్సును చదువునప్పుడు ఈ వివేకము అవసరము. ప్రతి పురాణ కథలోను విమానములను, అణ్వస్త్రములను వెదకి చూపు మన ఉపన్యాసకులు కొందరు పురాణమునకు మేలు చేయుచున్నామని భ్రమించుచున్నారు. కథ చెప్పు సంగతి వేరు.

జ్యోతిష్యమును గూర్చి కెప్లరు అభిప్రాయము ఒక తీరుగా చెప్పుట కష్టము. గ్రహముల పరస్పర కోణములు వాతావరణము మీదను మనుష్యుని స్వభావము మీదను కొంత ప్రభావము చూపునని జీవితాంతము నమ్మెను. కాని ఫలానా తేదీన ఫలానాది జరుగునని చెప్పువారిని తీవ్రముగా ఖండించెను. కోడి పెంటకుప్పను గీరి గింజ నేరుకొనునట్లు ఆ శాస్త్రములోని చెత్త తొలగించి నిజమును ఏరుకొనవలెనని 1610లో ఒక గ్రంథము వ్రాసెను. జీతము సరిగా రానప్పుడు జాతకములు వేసి ఇల్లు గడుపుకొనెను. అయితే 1611లో రాజ్యము తలక్రిందులగుచుండగా, చక్రవర్తి బుద్ధినుండి జ్యోతిష్యమును దూరముగా నుంచవలెనని ఆస్థానములోని ఒక పెద్దకు వ్రాసెను. తన జీవనోపాధినే తాను కాదనిన గౌరవము ఈ విషయమున అతనికి ఇయ్యవలెను. నేటి విజ్ఞానము ఆ గింజను కూడ అంగీకరింపదు.

ఆ 1611 అతనికి చెడ్డ సంవత్సరము. ఆరేండ్ల కుమారుడు మశూచికముతో మరణించెను. వేసవిలో భార్య బార్బరా జ్వరముతో పోయెను. మరుసటి సంవత్సరము జనవరిలో రుడాల్ఫు చక్రవర్తి మరణింపగా కెప్లరు లింట్స్ పట్టణమునకు ఉపాధ్యాయుడై వెళ్ళెను. అచ్చట అతని సొంత లూథరన్ ఆలయములోనే ప్రభు భోజన సంస్కారమునకు అతనిని రానీయలేదు. క్రీస్తు శరీరము సర్వత్ర వ్యాపించియున్నదను సిద్ధాంతపత్రమునకు మనస్సాక్షి ఒప్పక సంతకము చేయకపోవుటయే అతని నేరము. మొరపెట్టుకొనినను పై అధికారులు ఆ శిక్షనే స్థిరపరచిరి. కాథలిక్కులు ప్రొటెస్టెంటు వాడని ఊరు వెడలగొట్టిరి. ప్రొటెస్టెంటులు తమవాడు కాడని పంక్తి వెలిచేసిరి. ఏ పక్షములోనైనను చేరిన బ్రదుకు సుఖముగా నుండెడిది. ఒప్పుకొనలేదు, దైవమును విడువనులేదు. ప్రకృతి కూడ దేవుడు వ్రాసిన ఒక గ్రంథమే యనియు, దానిని పఠించువారు ఒక విధమైన అర్చకులే యనియు అతని నమ్మకము.

1613లో సుసన్నా అను అనాథ యువతిని మరల వివాహమాడి కొంత శాంతి పొందెను. ఆ సమయముననే తల్లి మీద పిడుగు పడెను.

కాతరీనా అప్పటికి డెబ్బది యేండ్లకు దగ్గరపడిన వృద్ధురాలు, లియోన్‌బెర్గ్ పట్టణమున నివసించుచుండెను. నోరు పెట్టుకొని బ్రదుకు స్త్రీ. ఎవరి ఇంటికైనను పిలువకయే వెళ్ళును, మందు ఇచ్చును, జగడమాడును. 1615లో ఉర్సులా రైన్‌బోల్డ్ అను పొరుగు స్త్రీ, ఈమె ఇచ్చిన చేదు పానీయము వలననే తనకు రోగము వచ్చినదని నింద వేసెను. చేతబడి యను మాట ఒకసారి ఊరిలో పుట్టినచో ఎట్లు ప్రాకునో మన పెద్దలు ఎరుగుదురు. ఒకని దూడ చచ్చినది. ఒకని కాలు చచ్చుపడినది. ఒక బాలికకు చేయి నొప్పి కలిగినది. అందరికిని ముసలిదే జ్ఞప్తికి వచ్చెను. తన తండ్రి కపాలమును వెండితో పొదిగించి పాత్ర చేయించుటకై ఆమె ఒకప్పుడు కాటికాపరిని అడిగిన మాటయు బయటికి వచ్చెను. ఆ ఊరి అధికారి హయాములో అంతకుముందే కొందరు స్త్రీలకు మంత్రగత్తెలని మరణదండన జరిగియుండెను.

1620 ఆగస్టులో ఒక రాత్రి ఆమెను కుమార్తె ఇంటినుండి, జనులు చూడకుండ, బట్టల పెట్టెలో పెట్టి మోసికొనిపోయిరి. గొలుసులతో కట్టి కారాగారమున నుంచిరి. ఒక కుమారుడు తన వ్యాపారమునకు అపకీర్తి వచ్చునని దూరముగా నుండ జూచెను. కెప్లరు చక్రవర్తి గణితజ్ఞుడు. తల్లి మంత్రగత్తె యని తేలినచో అతని పరువును, బహుశః ప్రాణమును పోగలవు. అయినను తన పనులన్నియు ఆపి లింట్స్‌నుండి వచ్చి, తల్లి పక్షమున వాదనకు పూనుకొనెను.

మంత్రగత్తెలు లోకములో లేరని ఆయన వాదింపలేదు. ఆ కాలమున ఆ మాట అనువారు అరుదు. కుజుని లెక్కను ఎట్లు పరీక్షించెనో ఒక్కొక్క నిందను అట్లే పరీక్షించెను. ఎవరు, ఏ దినమున, ఏమి చూచిరి? రోగము ముందా, పానీయము ముందా? కాలు చచ్చుపడిన బడిపంతులు బరువుతో గోతిని దూకి దెబ్బ తగిలించుకొన్నవాడు. చేయి నొప్పి కలిగిన బాలిక ఇటుకలు మోయు పనికత్తె. ఉర్సులా రోగము అంతకుముందు తినిన ఇతర మందుల ఫలితము. ఇట్లు ప్రతి దానికిని సహజ కారణమును చూపుచు సుదీర్ఘమైన లిఖిత వాదమును సమర్పించెను. న్యాయశాస్త్ర పండితులు చివరకు, ఆమెకు హింసా సాధనములను చూపి భయపెట్టవలెను గాని హింసింపరాదని తీర్పు చెప్పిరి. 1621 సెప్టెంబరు 28వ తేదీన తలారి ఆమెను ఆ గదికి తీసికొనిపోయి ఒక్కొక్క పనిముట్టును చూపెను. ఆమె మోకరిల్లి ప్రార్థించి, తాను చేయని నేరమును ఒప్పుకొనననెను. పదునాలుగు నెలల చెర తరువాత విడుదలయ్యెను. సొంత ఊరికి వెళ్ళుటకు వీలులేక, మరుసటి ఏప్రిలులో మరణించెను.

ఇందులో కెప్లరును లోలోపల కాల్చిన సంగతి ఒకటి కలదు. 1609 ప్రాంతమున అతడు ఒక కల్పిత కథను వ్రాసియుండెను. అందులో ఒక యువకుని తల్లి మూలికలు అమ్ము స్త్రీ. ఆమె పిలువగా ఒక భూతము వచ్చి చంద్రలోకమును వర్ణించును. చంద్రగ్రహణ సమయమున భూమి నీడ అను వంతెన మీదుగా చంద్రునికి ప్రయాణము! అచ్చటినుండి చూచువారికి భూమి ఆకాశమున తిరుగుచు కనబడును. తాము మాత్రము కదలక యున్నామని చంద్రలోకవాసులు అనుకొందురు. భూమి కదలునని చెప్పుటకు అంతకంటె సులభమైన ఉపాయము లేదు. కాని ఆ వ్రాతప్రతి 1611 నుండి చేతులు మారి, తల్లిని గూర్చిన పుకారులకు తోడ్పడినదేమో యని అతడు బాధపడెను. తరువాత ఆ కథకు 223 వివరణలు చేర్చి ప్రతి కల్పన వెనుకనున్న శాస్త్రార్థమును విప్పి చెప్పెను. కల్పనను కల్పనగా చదువలేనివారి నడుమ కథ వ్రాయుట ఎంత ప్రమాదమో ఆ తల్లీకుమారులకు అనుభవమున తెలిసినది.

ఈ కల్లోలముల నడుమనే మూడవ సూత్రము పుట్టెను. 1618 ఫిబ్రవరిలో చిన్న కుమార్తె మరణించెను. పట్టికల లెక్కలపై మనస్సు నిలువక, గ్రహములలో సంగీత సామరస్యమును వెదకు పాత పనిని చేపట్టెను. ఒక్కొక్క గ్రహమునకు దాని వేగమును బట్టి ఒక స్వరావళిని నిర్ణయించిన ఆ గ్రంథములో, ఆ స్వరముల నడుమ, ఒక నిక్కమైన రత్నము కలదు. 1618 మే 15వ తేదీన అది స్థిరపడెను: గ్రహము తిరుగు కాలపు వర్గమునకును సూర్యునినుండి దాని దూరపు ఘనమునకును నిష్పత్తి అన్ని గ్రహములకు సమానము.

ఇది మనకు తెలియని లోకము కాదు. గురుడు ఏటికొక రాశి చొప్పున సుమారు పండ్రెండేండ్లకు చుట్టు తిరిగి వచ్చుటచే గోదావరికి పండ్రెండేండ్లకొకసారి పుష్కరము వచ్చును. శని ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర ఏండ్లు నిలుచుటచే మూడు రాశులకు ఏడున్నర ఏండ్లు, అదియే ఏలినాటి శని. కాలము మన పెద్దలకు తెలిసినదే. దూరమునకును కాలమునకును గల సంబంధమును కెప్లరు చూపెను. భూమి దూరమును 1 అనుకొనినచో గురుని దూరము 5.2. దానిని ఘనము చేసిన సుమారు 140.6. గురుడు ఒకసారి తిరుగుటకు పట్టు కాలము 11.86 సంవత్సరములు, దానిని వర్గము చేసిన సుమారు 140.7. మన పిల్లలు ఈ లెక్కను శనికి తామే వేసి చూడవచ్చును: దూరము 9.54, కాలము 29.46. ఇట్లెందుకు జరుగునో 1687లో న్యూటను గురుత్వాకర్షణ సిద్ధాంతముతో నిరూపించెను. గ్రహములను నడుపునది అయస్కాంతము వంటి బలమని కెప్లరు ఊహించినది పొరబాటు.

టైకో కొలతల ఆధారముగా తయారుచేయవలసిన గ్రహ పట్టికలు మిగిలియుండెను. స్కాట్లండు దేశీయుడైన నేపియరు కనిపెట్టిన సంవర్గమానములు గుణకారముల శ్రమను తగ్గించెను. ముప్పది యేండ్ల యుద్ధము దేశమును కాల్చుచుండెను. 1626లో లింట్స్ ముట్టడిలో ముద్రణాలయము దగ్ధమయ్యెను. కెప్లరు తన కాగితములతో ఉల్మ్ నగరమునకు చేరి, 1627లో చక్రవర్తి రుడాల్ఫు పేర ఆ పట్టికలను అచ్చువేయించెను. బాకీపడిన జీతము సుమారు 12,000 ఫ్లోరినులు. దానిలో కొంతయైన రాబట్టవలెనని 1630 శరత్కాలమున గుఱ్ఱముపై రీగెన్స్‌బర్గ్‌కు వెళ్ళి, జ్వరము తగిలి, నవంబరు 15వ తేదీన మరణించెను. ఊరి వెలుపలి శ్మశానమున పాతిపెట్టిరి. కొద్ది సంవత్సరములలోనే యుద్ధము ఆ శ్మశానమును తుడిచివేసెను. సమాధి ఎచ్చటనో నేడు ఆనవాలు లేదు. చంద్రలోక కథను కుమారుడు 1634లో అచ్చువేయించెను.

మరణమునకు ముందు ఆయన ఒక విషయమును ప్రకటించియుండెను. తన పట్టికల ప్రకారము 1631 నవంబరు 7వ తేదీన బుధుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచును. అట్టిది అంతకుముందు లెక్క కట్టి చూచినవారు లేరు. పాత పట్టికలు బుధుని విషయమున కొన్ని డిగ్రీలు తప్పుచుండెను. ప్యారిస్ నగరమున గసెండీ అను కాథలిక్ మతగురువు, పొరబాటుండునేమో యని రెండు దినములు ముందే సిద్ధపడి, చీకటి గదిలో దూరదర్శిని ద్వారా సూర్యబింబమును తెల్ల కాగితముపై పడునట్లు అమర్చి కనిపెట్టుకొనియుండెను. మేఘములు అడ్డుపడుచుండెను. 7వ తేదీ ఉదయమున మబ్బు విడిచినప్పుడు కాగితముపై ఒక నల్లని చుక్క కనబడెను. అది మరీ చిన్నదగుటచే మొదట అది సూర్యునిపై మచ్చ యనుకొనెను. కొంతసేపటికి చూడగా చుక్క జరిగెను. మరల కొలిచెను, మరల జరిగెను. బుధుడు కెప్లరు చెప్పిన దినమున, చెప్పిన త్రోవనే నడచుచుండెను.